తొమ్మిదిన్నర గీతల జెండా

జెండాకి గంజి పెట్టకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదనుకోకండి. మా అమ్మాయి చెప్పింది. నేను చెప్పాను. గెస్ట్‌హౌస్‌లో బట్టలుతికే సన్యాసి అనే అతను కూడా భయపడుతూనే చెప్పాడట. ముగ్గురం చెప్పాకే ఆయన గంజి పెట్టించాడు. ముందు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, మిగతాది నేను చెబుతాను.

నా పేరు సూరాడ తాతబాబు. నత్తదీవుల్లో పెద్ద దీవి మీద, రేవుకి ఎదురుగా, నా టైలరింగ్ షాపు. చదువు ఏడో తరగతితో ఆగింది కాబట్టి సైన్సు సంగతులు నాకు బోధపడినంతలోనే చెబుతాను. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి పడవల్లో వచ్చి ఇక్కడ పాకలు వేసుకున్నారు. ఇప్పుడు మాదొక ప్రత్యేక ప్రాంతం. మాకొక పాలకుడు, మాకొక జెండా. ఆ జెండా కుట్టింది నేనే. దానికి రంగు కనిపెట్టింది మా అమ్మాయి మంగవేణి. దానితో పగ తీర్చుకున్నది మా అప్ప. అక్కని మేం అప్ప అంటాం. ఆవిడ పేరు దేముడమ్మ.

పగ ఏమిటో చెప్పాలి.

ఆరేళ్ళ కిందట రత్నాకర్ గారు ఇంకా పాలకుడు కాలేదు. మా రేవుకి ఆఫీసరు. గాలివాన వస్తోందని పెద్ద ఒడ్డు నుంచి కబురొస్తే రేవు స్తంభానికి ఎర్రజెండా ఎగరేయాలి. అది చూసి మావాళ్ళు వేట మానుకుంటారు. ఆ రోజు తెల్లారకుండానే వైర్‌లెస్‌లో మూడో నంబరు హెచ్చరిక వచ్చింది. కానీ ఆ పూటే కొత్త రేవుకి ప్రారంభోత్సవం. పెద్ద అతిథి వస్తున్నాడు. పందిరి మీద ఎర్రజెండా ఎగురుతుంటే ఏం బాగుంటుందని రత్నాకర్ గారు అనుకున్నారు. పళ్ళెంలో కత్తెర, రిబ్బను, ఫొటోలు, భోజనాలు అన్నీ అయ్యి, అతిథి విమానం ఎక్కాక జెండా ఎగరేయించారు. అప్పటికి మా తొమ్మిది పడవలు వేటలో ఉన్నాయి. తొమ్మిదిలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక పడవలో మా అప్ప కొడుకు ఎల్లాజీ ఉన్నాడు. మంగవేణికి బావ. ఆ మాఘంలో వాళ్ళిద్దరికీ పెళ్ళి అనుకున్నాం. నేను రవికలు కూడా కత్తిరించి పెట్టాను.

విచారణకి వచ్చిన వాళ్ళతో రత్నాకర్ గారు ఒక్క మాటే అన్నారు.

"మేం జెండా ఎగరేశామండి. వాళ్ళే చూసుకోలేదు."

ఎగరేసిన మాట నిజమే. ఎప్పుడు ఎగరేశారన్నది ఎవరూ అడగలేదు. చచ్చిపోయినవాళ్ళది ఆశ అని, గాలివానని కూడా లెక్కచెయ్యరని పేపర్లో వచ్చింది. ఆయనకి ప్రమోషను కూడా వచ్చింది.

ఆ రోజు హాలు బయట మెట్ల మీద కూచుని మా అప్ప కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవట్లేదు.

"ఒరే తమ్ముడా, ఆ మాట ఇన్నావా?" అంది.

"ఇన్నానప్పా."

"ఆడి గురించి అదే మాట ఒకరోజు నాను సెప్పాలి. అక్షరం తేడా రాకూడదు. అందాకా నాను సావను."

కోపంలో అంటోందనుకున్నాను. మనుషులు అంటూనే ఉంటారు కదా.

మంగవేణి ఆ తర్వాత పెళ్ళి ఊసెత్తనివ్వలేదు. మా దీవి మీద సముద్ర పరిశోధన కేంద్రం ఉంది, అందులో ఉద్యోగం చేస్తూ ఆ లేబరేటరీకే అంకితమైపోయింది. మా రాళ్ళకి పట్టే నత్త ఒకటుంది. దాని కడుపు నొక్కితే పాలచుక్కలాంటిది కారుతుంది. ఎండ తగిలితే నీలం అవుతుంది. పడవలకి వెలిసిపోని రంగు తయారుచెయ్యొచ్చేమోనని అది చూస్తుండేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బుతునక లేదు, తెల్లకోటు మీద పడిన నీలంమరక ఉన్నట్టుండి నల్లబడింది. సాయంత్రానికి గాలి లేచి రెండు పాకలు ఎగిరిపోయాయి. మర్నాటికి మరక మళ్ళీ నీలం.

వారం తర్వాత నన్నూ, క్యారేజీ పట్టుకొచ్చిన మా అప్పనీ లోపలికి పిలిచింది. బల్ల మీద మూత బిగించిన గాజుసీసా. దానికో చేతిపంపు. సీసాలో నీలంగుడ్డ వేలాడుతోంది.

"నాన్నా, గుడ్డ కేసి చూస్తుండు, రెప్ప వెయ్యకు" అని పంపు లాగింది. సీసాలో గాలి తగ్గుతోంది. నేను సూదిలోకి దారం ఎక్కించేంత సేపు పట్టిందేమో, అంతే. గుడ్డ కాకిరెక్కలా నల్లబడింది.

"గాలివాన వచ్చేముందు గాలి బరువు తగ్గిపోద్ది. మనకి తెలీదు. ఈ నత్తలో ఉన్న సూక్ష్మజీవికి తెలుస్తాది. నీలం మానేసి నలుపు పుట్టిస్తాది. గుడ్డకి పట్టించినా బతికే ఉంటాది, ఎండా ఉప్పుగాలీ తింటూ. చిన్న చిన్న సుడులు పైనున్న ఉపగ్రహాలకి అందవు నాన్నా. దీనికి అందుతాయి."

అప్పుడే ఇది ఉండుంటే అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా అప్ప మాత్రం సీసా దగ్గరకెళ్ళి, దాని మీద చెయ్యేసింది.

"ఇది ఆఫీసరు మాట ఇంటాదేటే? ఈరోజు నల్లబడకు, పెద్దమనిషొస్తన్నాడు అంటే ఆగుతాదా?"

"ఆగదత్తా. దానికి ఎవరూ తెలీదు."

"మంచిదే" అని అన్నం వడ్డించడానికి కూచుంది.

గంజి సంగతి బయటపడింది కూడా మా అప్ప వల్లే. నూలుబట్ట కనిపిస్తే గంజి పెట్టకుండా ఉండలేదు. పోయిన మా బావ లుంగీలకి కూడా గంజి పెట్టి మడతపెట్టిన మనిషి. మంగవేణి పెరట్లో ఆరేసిన గుడ్డల్లో ఒకటి మురికిగా ఉందని ఉతికి, అన్నంవార్చిన గంజిలో ముంచి తిరిగి ఆరేసింది. ఆ వారం గాలి లేచినప్పుడు తక్కిన గుడ్డలన్నీ నల్లబడ్డాయి. గంజిగుడ్డ ఒక్కటే నీలంగా నవ్వుతూ కూచుంది.

మంగవేణి తల పట్టుకుంది. "ఏం చేశావత్తా, గంజి తాగి మత్తుగా పడున్నాయి ఇవి. తిండి దొరికితే ఇంక గాలితో వాటికేం పని?"

"అయితే తిండెట్టినోడికి నిజం సెప్పవన్నమాట" అంది మా అప్ప. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

తర్వాత మా దీవులు ప్రత్యేక ప్రాంతం అయ్యాయి. రత్నాకర్ గారినే పాలకుడిగా వేశారు, దీవుల గురించి అంతా తెలిసినవాడని. జెండాకి పోటీ పెట్టారు. మంగవేణి పంపిన బొమ్మ గెలిచింది. నిండా నీలం. నడిమధ్యన తెల్ల నత్తగుల్ల. కింద వరసగా తొమ్మిది పొట్టి ఎర్రగీతలు.

మైదానంలో మీటింగు పెట్టి రత్నాకర్ గారు దాని అర్థం చెప్పారు. "నీలం మన ప్రశాంతమైన సముద్రం. నత్తగుల్ల మన సంపద. తొమ్మిది గీతలు మన తొమ్మిది దీవులు." అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

మా అర్థం వేరు. నీలం అంటే ఆకాశం మాట తప్పనంత వరకే. నత్తగుల్ల ఎందుకంటే నత్త ఎక్కడికెళ్ళినా ఇల్లు వీపు మీదే ఉంటుంది, మావాళ్ళు ఇళ్ళు ఒడ్డున వదిలేసి పోయారు. తొమ్మిది గీతలు దీవులు కావు. పడవలు. గీతకో పడవ. ఆ ఎర్రముక్కలు అతుకుతున్నప్పుడు నేను ఒక్కొక్కదానికీ లోపల్లోపల ఒక్కో పడవ పేరు చెప్పుకుంటూ కుట్టాను. మూడోది ఎల్లాజీది.

మూడు జెండాలు కుట్టాను. ఒకటి పాలకుడి ఆఫీసుకి, ఒకటి ఆయన లాంచీకి, మూడోది మొదట్లో ట్రయల్‌కి కుట్టింది. దాన్ని మా అప్ప అడిగి తీసుకుని, రేవుకి ఎదురుగా మా పేటలో, తన వాకిట్లో సరుగుడు గుంజ పాతి ఎగరేసింది.

రంగు మారుతుందని మంగవేణి కమిటీకి ముందే చెప్పింది. వింతగా ఉంటుంది, టూరిస్టులు వస్తారని వాళ్ళు ఒప్పుకున్నారు. కానీ మొదటిసారే, హోటళ్ళు కట్టడానికి వచ్చిన పెద్దమనుషుల ముందు, ఆయన ప్రశాంతమైన సముద్రం అంటుండగా నెత్తి మీద జెండా నల్లబడింది. గంటకి వాన కొట్టింది. వాళ్ళు తడుస్తూ, నవ్వుతూ ఫొటోలు తీసుకున్నారు.

మర్నాడు మంగవేణిని పిలిపించారు. నేను కూడా వెళ్ళాను, జెండా అంచున తాడు దూర్చే పట్టీ చిరిగింది, కుట్టాలన్నారు.

"ఇది మారకుండా ఉండాలంటే ఏం చెయ్యాలమ్మా?"

"మారడమే దాని పని సార్. ఒక్క గంజి మాత్రం పెట్టించకండి. పెడితే ఇంక మారదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "గంజా?"

"మామూలు అన్నం గంజే సార్. అందుకే చెప్తున్నా, వద్దని."

"వద్దండి బాబూ" అని నేనూ అన్నాను. "అది మన మేలుకే."

"ఒక జెండా తన ప్రజలకి భయం చెప్పకూడదు తాతబాబూ. ధైర్యం చెప్పాలి" అన్నారు. ఆ మాటలో తప్పేం లేదని అప్పుడు నాకే అనిపించింది. సాయంత్రానికి రెండు జెండాలూ సన్యాసి దగ్గర గంజిబానలో ఉన్నాయి. ఆ తర్వాత అవి ఎప్పుడూ నీలమే. గాలికి పెళపెళలాడుతూ, ఇస్త్రీమడత నలక్కుండా.

మా అప్ప కేకలు వేస్తుందనుకున్నాను. ఆ వారమే నా షాపుకి నల్ల పాప్లిన్ తాను పట్టుకొచ్చింది.

"ఆడు పేటకొస్తన్నాడంట. నల్లజెండాలు సూపిద్దాం. కుట్టు."

"చేతిరుమాళ్ళంత చాలవేటప్పా?"

"సాలవు. మన జెండా కొలతే. తెల్లగుల్ల అతుకు, ఎర్రగీతలు అతుకు. నీలం బదులు నలుపు, అంతే తేడా."

పోయినవాళ్ళ సంతాపం కోసం కాబోలని కుట్టాను. ఆయన కారు వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా వాటిని పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. మా అప్ప వాకిట్లో గుంజకి కూడా నల్లదే కట్టింది. పోలీసులు గుంజుకుపోయారు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ కుట్టించింది. బడి తెరవడానికి వస్తే నల్లజెండా. ఐసు ఫ్యాక్టరీకి శంకుస్థాపనకి వస్తే నల్లజెండా. లాంచీలో రేవు దాటుతుంటే చాలు, వాకిట్లో గుంజ మీద నల్లజెండా. ఏడాది పొడుగునా ఇదే పని.

మొదట్లో ఆయన మొహం ముడుచుకునేవారు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. "ఈ ముసలమ్మ మళ్ళీ మొదలెట్టిందా" అని పక్కవాళ్ళతో నవ్వేవారు. చివరికి ఆ జెండా కనిపిస్తే చెయ్యూపడం మొదలెట్టారు. మా అప్ప కూడా చెయ్యూపేది. చూసేవాళ్ళకి ఇద్దరూ చుట్టాలేమో అనిపించేది.

"ఇందువల్ల ఏటి లాబం అప్పా? పాప్లిన్ దండగ" అన్నాను ఒకసారి.

"నువ్వు కుట్రా" అంది.

జెండా పండగ వచ్చింది. ఎగరేసి ఏడాది అయిందని పాలకుడు లాంచీలో తొమ్మిది దీవులూ తిరిగి, ఒక్కో దీవిలో జెండా ఎగరేస్తాడని చాటింపు వేశారు. రెండు రోజుల ముందు లాంచీ నడిపే సారంగు బైరాగి యూనిఫాం బిగించుకోడానికి షాపుకొచ్చాడు. ఎల్లాజీకి ప్రాణస్నేహితుడు. తొమ్మిది పడవలూ పోయిన రోజు జ్వరమొచ్చి వేటకెళ్ళక బతికిపోయాడు. వెంట పెళ్ళాం అచ్చియ్యమ్మ.

"మావా, లోపల చిన్న జేబొకటి పెట్టు. బీడీలకి."

"యూనిఫాంలో బీడీలేట్రా?"

"దొర దేశాన్ని ఏలతన్నాడు, నాను ఒక జేబు ఏలకూడదా?"

అచ్చియ్యమ్మ అంది, "పెట్టకు మావయ్యా. దగ్గు సంపెత్తంది."

"నీకు తెల్దు. సముద్రం మీద దగ్గు రాదు." చొక్కా తొడిగి అద్దంలో చూసుకున్నాడు. "ఆ దొరకి తాడు ముడెయ్యడమే రాదు మావా. నా సెయ్యి తగలకపోతే ఆ ఇంజిను తుమ్మను కూడా తుమ్మదు. పేరు మాత్తరం ఆయన లాంచీ."

నేను జేబు కుట్టాను. అచ్చియ్యమ్మ చూడకుండా.

ఆ రోజు పొద్దున్నే ఆకాశం కడిగిన కంచంలా ఉంది. రేడియోలో తేలికపాటి గాలులన్నారు. రేవు నిండా తోరణాలు, బ్యాండు మేళం. నేను షాపు తీసి ఎదురుగా పేట వైపు చూశాను. మా అప్ప వాకిట్లో గుంజ మీద జెండా నల్లగా ఉంది.

మళ్ళీ మొదలెట్టింది అనుకున్నాను. మిషను ముందు కూచున్నాక చెయ్యి ఆగిపోయింది. పోయినసారి ఆయన వచ్చినప్పుడు పోలీసులు నల్లజెండాలన్నీ పట్టుకుపోయారు. ఈ వారం ఆమె నా దగ్గర నల్లగుడ్డ ఏదీ కుట్టించలేదు.

పరిగెత్తాను. వాకిట్లో మా అప్ప పీట వేసుకుని కూచుంది, రేవు కేసి చూస్తూ. చుట్టుపక్కల మగవాళ్ళు మాటా పలుకూ లేకుండా పడవల్ని ఇసకలోకి పైకి లాగి కట్టేస్తున్నారు. వాళ్ళకి చెప్పేసింది.

జెండా అంచు పట్టుకు చూశాను. నా కుట్టే. గంజి తగలని మెత్తటి గుడ్డ. పాప్లిన్ కాదు.

"అప్పా. ఇది..."

"అవును. తెల్లారగట్ల నలుపు తిరిగింది."

"ఆయనకి సెప్పాలి కదా."

"సెప్పేను కదరా, ఎగరేసేను. రేవులోంచి కనబడతంది. ఆడు సూస్తన్నాడు." గొంతు ఎత్తను కూడా ఎత్తలేదు. "ఆడు ఎర్రజెండా దాసేడు. నాను దాయలేదు. ఆడి కళ్ళెదురుగా ఎట్టేను."

అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు. ఏడాది పాటు ఆమె నాచేత కుట్టించింది నిరసన జెండాలు కావు. ఈ ఒక్క పూట ఆయన చూసి కూడా చూడకుండా ఉండేటట్టు ఆయన కంటికి అలవాటు చేసింది. నల్లగా కనబడితే ముసలమ్మ గొడవ అని, చెయ్యూపి పోవాలని. దానికి గుడ్డ కొలత కూడా తప్పకుండా చూసుకుంది.

మీకు నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. ఒళ్ళంతా ఒకలాంటి హాయి పాకింది. కత్తిరించి పెట్టిన రవికలు ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి.

అంతలో రేవులో మంగవేణి కనిపించింది. లేబరేటరీలో గుడ్డలు నల్లబడటం చూసి పరిగెత్తుకొచ్చింది, కోటు కూడా విప్పకుండా. నేను అటు వెళ్ళబోయాను.

"ఎల్లు. దాన్ని ఆపకు" అంది మా అప్ప. "సెప్పనీ. సెప్పినా ఎల్తాడు. బైరాగిని దిగిపొమ్మని ముందే సెప్పేను, దొర పొగరుకి తనే నడుపుకుంటాడు."

నేను చేరేసరికి మంగవేణి రత్నాకర్ గారి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన తెల్ల సూటులో లాంచీ చెక్క మీద ఒక కాలు వేసి ఉన్నారు.

"సార్, అది నిరసన కాదు. నిజంగా గాలివాన. మధ్యాహ్నంలోపే."

"జెండా ఏం చెబుతోందో చూద్దాం" అని ఆయన తల ఎత్తి లాంచీ మీది జెండా చూపించారు. ఎండలో నీలంగా, నిటారుగా. "నీ రంగే కదమ్మా."

"గంజి పెట్టించారు సార్. అది ఇప్పుడు ఉత్త గుడ్డ."

"ఏడాదిలో మీ మేనత్త ఎన్నిసార్లు నల్లజెండా ఎగరేసింది? అన్నిసార్లూ గాలివాన వచ్చిందా?"

పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. మంగవేణి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. మా అప్ప ఏం చేసిందో దానికీ అప్పుడే అర్థమైంది.

లాంచీలో ఎక్కడానికి ఇద్దరు పోలీసులు, ఒక ప్యూను, ఫొటోలు తీసేవాడు సిద్ధంగా ఉన్నారు. బైరాగి ఇంజిను దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"అయ్యగారూ, బరువెక్కువైతే సిన్న దీవుల దగ్గర లాంచీ నేలకి ఆనేత్తది. తమరూ నేనూ సాలు. ఒక్కరే నిలబడితే ఒడ్డు నుంచి ఫొటో కూడా బాగా పడతాది."

ఆయనకి ఆ మాట నచ్చింది. అందర్నీ దింపేశారు.

నేను బైరాగి కేసి చూశాను. మా అప్ప వాడికి ముందే చెప్పింది, నల్లబడితే దిగిపో అని. కడుపునొప్పి అంటాడో, ఇంజిను చెడిందంటాడో, దిగిపోతాడని మేమిద్దరం అనుకున్నాం. అందర్నీ దింపినవాడు తనే దిగలేదు.

"ఒరే బైరాగీ" అన్నాను మెల్లగా, తాడు విప్పుతున్నట్టు వంగి. "దిగు."

"నాను దిగితే ఈయన ఒడ్డునే ఉండిపోతాడు మావా" అన్నాడు నాకు మాత్రమే వినపడేటట్టు. లోపలి జేబులోంచి బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "ఎల్లాజీ ఆ రోజు నన్ను లేపనేదు. ఇయ్యాల ఎవులూ లేపక్కర్నేదు."

ఇంజిను తుమ్మింది. లాంచీ కదిలింది. బ్యాండు మోగింది. రత్నాకర్ గారు పేట కేసి తిరిగి, ఆ నల్లజెండాకి నవ్వుతూ చెయ్యూపారు.

మా అప్ప చెయ్యూపలేదు. అప్పటికి లాంచీలో ఎవరెవరు ఉన్నారో ఆమెకి కనబడింది. పీట తన్నేసి ఇసకలో పడుతూ లేస్తూ నీళ్ళలోకి దిగిపోయింది, మోకాళ్ళ దాకా. "దిగరా బైరాగీ. ఒరే నాయనా, దిగరా." అంత గట్టిగా ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. వాడు ఒకసారి తిరిగి, సూటిగా జెండానే చూశాడు. నుదిటికి చెయ్యి ఆనించాడు. తర్వాత తిరిగి చూడలేదు.

గాలి మధ్యాహ్నం భోజనాల వేళకి లేచింది. మా పేటలో ఒక్క పడవ కూడా నీళ్ళలో లేదు. ఒక్క ప్రాణం పోలేదు. లాంచీ తిరిగి రాలేదు. మూడోరోజు, గాలి ఇంకా పూర్తిగా తగ్గకముందే, దాని జెండా మాత్రం రాళ్ళ దగ్గర తేలింది. ఉప్పునీళ్ళకి గంజి వదిలిపోయాక, ఆ గాలివానలోనే దానికి మెలకువ వచ్చినట్టుంది. సగం నల్లగా ఉంది. ఆయన కూడా చివరికి చూసే ఉంటాడు. నాకదే తృప్తి, దాచుకోను.

మంగవేణి మా అప్పతో మాట మానేసింది. మానేసేముందు ఒక్కసారి అంది: "నా రంగు నిజమే చెప్పింది అత్తా. నువ్వు దాన్ని అబద్ధం చేసేవు." మా అప్ప తల వంచుకుని వింది. ఇప్పుడు ప్రతి పడవకీ అరచేతి వెడల్పు నీలంగుడ్డ ఉంది, గంజి పెట్టొద్దని మంగవేణే ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. మేనత్త వాకిలి మాత్రం దాటి పోతుంది.

విచారణ పెట్టారు. పోయినసారి పెట్టిన హాల్లోనే. పెద్ద ఒడ్డు నుంచి వచ్చిన అధికారి మా అప్పని నిలబెట్టి అడిగాడు.

"గాలివాన వస్తోందని మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"పాలకుడికి చెప్పలేదేం?"

మా అప్ప కొంగు సర్దుకుంది. ఆ మాట కోసమే కదా ఆరేళ్ళు బతికింది. మావాళ్ళ యాస కూడా రాకుండా, ఆయన అన్నట్టే, అక్షరం తేడా లేకుండా అంది.

"మేం జెండా ఎగరేశామండి. వాళ్ళే చూసుకోలేదు."

హాలు వెనక కూచున్న మా పేట ఆడవాళ్ళు ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినపడింది. అధికారి రాసుకున్నాడు. రాసుకోక ఏం చేస్తాడు, ఎగరేసింది రేవులో వందమంది చూశారు.

బయటికొచ్చాం. అవే మెట్లు. కింద అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే విన్నట్టుంది.

"వాళ్ళు సూసుకోలేదా అత్తా?" అంది. కేకలెయ్యలేదు. "మావోడు సూసేడు కదా. సూసే ఎల్లేడు. ఆ మాట ఎవులు రాయిస్తారు?"

మా అప్ప నా భుజం పట్టుకుని మెట్టు మీద కూచుంది.

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ షాపుకొచ్చింది. మా అప్ప అప్పటికే అక్కడ గోడకానుకుని కూచునుంది. ఒళ్ళో వాకిట్లోంచి దింపిన జెండా, తిరిగి నీలమైంది.

"మావయ్యా, ఇందులో పడవకో గీత కదా. లాంచీక్కూడా ఒక గీత కుట్టు. అందులో మావోడు పోనాడు."

నేను ఎర్రగుడ్డ తీశాను. కత్తెర ఆడించబోతుంటే మా అప్ప అంది, "పడవకి గీత ఎడితే ఆడు కూడా అందులోకి వచ్చీసేడు."

నిజమే. గీత మనిషికి కాదు, పడవకి. బైరాగికి పెడితే రత్నాకర్‌కీ పెట్టినట్టే. ఎల్లాజీ పక్కన.

అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకోలేదు. "అయితే మావోడికి లేదా?"

రేవులో కొత్త లాంచీ ఎవరో నడిపి చూస్తున్నారు, ఇంజిను పట్టుకోవట్లేదు. మా అప్ప ఒళ్ళోని జెండాని మిషను మీద పరిచింది. తొమ్మిదో గీత పక్కన వేలు పెట్టింది.

"సగం కుట్రా" అంది.

"ఏ సగం అప్పా?"

ఆమె అచ్చియ్యమ్మ కేసి చూసింది. అచ్చియ్యమ్మే జవాబు చెప్పింది.

"ఇంజినున్న సగం."

కుట్టాను. అప్పట్నుంచీ ఏ జెండా కుట్టినా అలాగే కుడుతున్నాను, ఆఫీసుకి ఇచ్చేది కూడా. దీవులు తొమ్మిదే కదా, ఈ ముక్కేమిటని కొత్త పాలకుడు అడిగితే పాత నమూనాలోనే ఉందన్నాను. వచ్చే పోయే టూరిస్టులు షాపులో జెండాలు కొంటూ చివరి గీత దగ్గర ఆగుతారు. టైలరుకి గుడ్డ చాలలేదా అని అడుగుతారు.

చాలింది, అంటాను.